బొడ్డు దగ్గర తగ్గిందని ఊరుకోకండి

కడుపునొప్పి అనగానే మన ఇళ్లలో వాము, సోడా, ఆపై గ్యాస్ మాత్ర. కానీ నొప్పి ఎటు కదులుతోందో గమనించండి. అపెండిక్స్ ఉండేది సాధారణంగా పొట్టకు కుడివైపు కింద. అది వాచినప్పుడు తొలి నొప్పి మాత్రం చాలామందికి బొడ్డు చుట్టూ తెలుస్తుంది. రెండింటి కబురూ వెన్నుపాములో ఒకే చోటికి చేరుతుంది మరి. వాపు పొట్ట లోపలి పొరను తాకాక, కొన్ని గంటలకు, నొప్పి కుడివైపుకు దిగుతుంది. ‘బొడ్డు దగ్గర తగ్గింది కదా’ అని ఊరట చెందేది సరిగ్గా అప్పుడే!

ఇంకో మాట, మా వాళ్లకు నచ్చకపోయినా సరే. పొట్ట మీద చెయ్యి వేయకుండానే స్కానింగ్ రాస్తే, ‘ఒకసారి పడుకోబెట్టి చూడండి డాక్టరుగారూ’ అని అడగండి. కుడి తుంటి ఎముక మొన నుంచి బొడ్డు వైపు మూడో వంతు దూరంలో నొక్కితే చాలాసార్లు అనుమానం బలపడుతుంది. 1889లో మెక్‌బర్నీ చెప్పిన చోటు అది. నొప్పి అక్కడికి దిగిందంటే తెల్లారేదాకా ఆగకండి. ఏమీ తినకుండా, తాగకుండా ఆ రాత్రే ఆస్పత్రికి వచ్చేయండి.