పాముకి జీడీపీ తెలుసా?



దేశం అభివృద్ధి చెందితే జబ్బులు కూడా మారతాయని పుస్తకాల్లో చదువుకున్నాం. 1971లో అబ్దెల్ ఒమ్రాన్ ఈ సిద్ధాంతం చెప్పాడు. పేద దేశాల్లో కలరా, క్షయ, విరేచనాలు, బాలింత మరణాలు ఎక్కువ. మంచినీళ్లు, తిండి, వైద్యం అందేకొద్దీ అవి తగ్గి షుగరు, గుండెజబ్బు, క్యాన్సర్ ముందుకొస్తాయి. మన దేశం లెక్క కూడా అలాగే ఉంది. 1990లో మొత్తం జబ్బుల భారంలో అంటువ్యాధులు, బాలింత-శిశు సమస్యలు, పోషకాహార లోపం కలిపి 61 శాతం. 2016కి అది 33 శాతానికి దిగింది. అదే కాలంలో షుగరు, గుండెజబ్బు లాంటివి 30 నుంచి 55 శాతానికి ఎక్కాయి.

గుడివాడలో ఏ మందుల షాపు ముందు నిలబడినా ఈ మార్పు కనిపిస్తుంది. సరే, ఒప్పుకుందాం. ఇప్పుడు అక్కడి నుంచి దివిసీమకి రండి. అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు చేలగట్ల మీద ఈ సిద్ధాంతానికి అందని జబ్బు ఒకటుంది. దాని పేరు పాముకాటు.

"అది జబ్బేంటి, ప్రమాదం కదా" అంటారేమో. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో పాముకాటుని నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల వ్యాధుల జాబితాలో చేర్చింది. ఆ "నిర్లక్ష్యం" అన్న మాట దగ్గరే మన కథ మొదలవుతుంది.

ఆస్ట్రేలియా సంగతి చూడండి. నేల మీద తిరిగే పాముల్లో అన్నిటికన్నా ఘాటు విషమున్న టైపాన్ అక్కడిదే. అయినా అక్కడ పాముకాటుతో చనిపోయేది ఏడాదికి ఇద్దరు ముగ్గురు. మన దేశంలో 2000 నుంచి 2019 వరకు సుమారు 12 లక్షల మంది పోయారని 2020లో వచ్చిన ఒక అధ్యయనం తేల్చింది. అంటే ఏడాదికి 58,000 మంది. జనాభా తేడా ఎంత లెక్కేసుకున్నా ఈ తేడా పూడదు. అక్కడ పొలం పని యంత్రం మీద కూర్చుని చేస్తారు. కాళ్లకి బూట్లుంటాయి. మారుమూల నుంచి రోగిని విమానంలో తీసుకెళ్లే ఏర్పాటు 1928 నుంచే ఉంది. పాముకి జీడీపీ తెలీదు. కానీ కరిచాక మనిషి బతుకుతాడా లేదా అన్నది చాలావరకు డబ్బు, దారి, దవాఖానాల మీదే ఆధారపడి ఉంది.

అయితే కృష్ణా డెల్టా పేద ప్రాంతమా? 1855లో బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తయిన నాటి నుంచి ఇది అన్నం పెట్టే నేల. ఇప్పుడు రొయ్యల చెరువులు, బందరులో కొత్త పోర్టు పనులు. డబ్బుంది. ఎవరి దగ్గరుందన్నదే ప్రశ్న. దేశానికీ దేశానికీ మధ్య చూసిన తేడానే ఇక్కడ ఒకే మండలంలో, డాబాకీ గుడిసెకీ మధ్య చూడొచ్చు.

మన యానాదుల పని గుర్తు చేసుకోండి. వరి గట్లలో కలుగులు తవ్వి ఎలుకలు పట్టాలి. ఎలుక ఉన్నచోటికి పాము రాకుండా ఉంటుందా? ఎలుక పోతే రైతుకి పంట దక్కుతుంది, ఆ కలుగులో చెయ్యి పెట్టేది మాత్రం మనం. పగలు చేలో రక్తపింజరి. రాత్రి నేల మీద పడుకున్నవాళ్ల పక్కలోకి కట్లపాము. అది కరిస్తే చాలాసార్లు నొప్పి కూడా తెలీదు. మంచం, దోమతెర, తలుపు, వీధి లైటు... ఇవన్నీ పాముకాటు మందులే. ఏ ఫార్మసీలోనూ దొరకవు, అంతే.

"పాము రైతునీ కరుస్తుంది కదా" అని ఎవరైనా అంటే, నిజమే. కానీ రైతు ఇంటి ముందు బండి ఉంటుంది, ఫోన్ చేస్తే పలికే డాక్టరు ఉంటాడు. 2011లో వచ్చిన మరో అధ్యయనం ప్రకారం మన దేశంలో పాముకాటు మరణాల్లో మూడొంతులకు పైగా ఆసుపత్రి బయటే జరిగాయి. అలా బయట పోయినవాళ్లు ఆసుపత్రి రికార్డులోకి ఎక్కరు. రికార్డులో లేనిదానికి బడ్జెట్ రాదు.

ఇంకో మాట. ఆ విషానికి విరుగుడు ఎక్కడి నుంచి వస్తోంది? దాని తయారీకి కావాల్సిన పాము విషంలో ఎక్కువ భాగం చెన్నై దగ్గర ఇరుళ ఆదివాసీలు 1978లో పెట్టుకున్న సహకార సంఘం నుంచే వెళుతోంది. ఆ సంఘంలో పనిచేసిన వడివేల్ గోపాల్, మాసి సడయ్యన్‌లకు 2023లో పద్మశ్రీ ఇచ్చారు. దేశాన్ని బతికించే విషం తీసేది ఆదివాసీ చెయ్యి. ఆ మందు వేళకి అందనిదీ ఆదివాసీకే. దీన్ని విధి అందామా?

2018లో దివిసీమలో పాముకాట్లు పెరిగినప్పుడు మోపిదేవిలో సర్పయాగం చేశారు. ఎవరి నమ్మకం వాళ్లది, దాంతో నాకు తగువు లేదు. కానీ ప్రభుత్వం దగ్గర మనం అడగాల్సింది వేరే.

ఒకటి, దివిసీమలోని ప్రతి పీహెచ్‌సీలో విరుగుడు మందు ఎప్పుడూ ఉండాలి, రాత్రి పూట దాన్ని ఎక్కించగల మనిషి కూడా ఉండాలి. రెండు, ప్రతి పాముకాటు, ప్రతి మరణం లెక్కలోకి రావాలి. అలా నమోదు చేయమని 2024 నవంబరులో కేంద్రమే రాష్ట్రాలకు రాసింది. 2030కి మరణాలు సగానికి తగ్గిస్తామనీ చెప్పింది. మూడు, ఎలుకలు పట్టేవాళ్లకి బూట్లు, చేతి తొడుగులు, టార్చిలైట్లు. నాలుగు, యానాది కాలనీల్లో పక్కా ఇళ్లు, లైట్లు. మనది షెడ్యూల్డ్ ఏరియా కాదు కాబట్టి అడగందే ఎవరూ తొంగి చూడరు. 2023లో బందరులో మెడికల్ కాలేజీ వచ్చింది. అక్కడ చదివే పిల్లలు మన కాలనీలు చూడాలని కూడా అడుగుదాం.

ఈలోపు తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మన చేతిలో ఉన్నది చేద్దాం. పాము కరిస్తే తాడు బిగించొద్దు, కొయ్యొద్దు, నోటితో పీల్చొద్దు. కరిచిన కాలో చెయ్యో కదలకుండా ఉంచి వెంటనే 108కి ఫోన్ చేయండి. అది ఆలస్యమైతే దొరికిన బండి ఎక్కించండి. పసరు కోసం ఆగిన గంట మళ్లీ రాదు. నేల మీద పడుకోక తప్పకపోతే దోమతెర అంచులు పక్క కిందకి దోపుకోండి.

అభివృద్ధి ఎంత వచ్చిందో పోర్టు పొడవు చూసి కొలవకండి. రాత్రి పదకొండింటికి కోడూరు పక్క గుడిసెలో ఒక యానాది తల్లిని కట్లపాము కరిస్తే ఆమె పొద్దున్న లేస్తుందా లేదా, అది చూసి కొలవండి.