చెట్టు మీద మనిషి, కాగితం మీద అనుమతి

ఏటా ఏప్రిల్, మే నెలల్లో దేశంలోని పెద్ద నగరాల్లో ఒక పని తప్పకుండా కనిపిస్తుంది. వానలు మొదలయ్యేలోపు కొమ్మలు కొట్టించడం. హైదరాబాద్‌లో విద్యుత్ పంపిణీ సంస్థ సిబ్బంది తీగల కోసం కొడితే, నగరపాలక సంస్థ మనుషులు దారి కోసం కొడతారు. ముంబయిలో కార్పొరేషన్ ఈ పనిని కాంట్రాక్టర్లకు అప్పగిస్తుంది. తొలి గాలివానకు ఏ కారు మీదో చెట్టు కూలగానే ‘ముందే ఎందుకు కొట్టలేదు’ అని అందరూ అడుగుతారు. కొట్టినచోట ఎలా కొట్టారన్నది మాత్రం ఎవరికీ పట్టదు. అసలు సంగతి అక్కడే ఉంది.

బ్రిటన్‌లో ఈ పని చేసేవారిని ట్రీ సర్జన్ అంటారు. అక్కడ వృత్తిగా రంపపు యంత్రం పట్టేవాడు శిక్షణ పొంది, నైపుణ్యం రుజువు చేసుకోవాలి. చెట్టెక్కేటప్పుడు రెండు వేర్వేరు చోట్ల కట్టిన రెండు తాళ్ల మీద ఉండటం అక్కడ ఇప్పుడు మామూలు పద్ధతి. మన దగ్గర ఈ వృత్తికి సరైన పేరు కూడా లేదు. ‘చెట్లు కొట్టేవాళ్లు’ అంతే. గొడ్డలి, కత్తి, ఒక మోకు, ఈమధ్య పెట్రోలు రంపం. చాలామందిది దినకూలీ. చదువు అంతా పక్కవాడిని చూసి నేర్చుకున్నదే.

అలా నేర్చుకున్నది తక్కువదేమీ కాదు. అనుభవం ఉన్నవాడు రాగానే చెట్టెక్కడు. ముందు చుట్టూ తిరిగి మొదలు చూస్తాడు. అక్కడ పుట్టగొడుగుల్లాంటి బూజు లేచిందంటే లోపల కుళ్లు ఉన్నట్టే. ఒక పక్క మట్టి పగిలి లేచి ఉంటే వేళ్ల పట్టు సడలిందని అర్థం. గొడ్డలి మడమతో కాండాన్ని తడితే బోలుగా ఉన్నచోట చప్పుడు మారుతుంది. తేనెపట్టు ఉందా, మామిడైతే ఎర్రచీమల గూళ్లు ఉన్నాయా అని తలెత్తి చూస్తాడు. నలభై అడుగుల ఎత్తులో చేతులు రెండూ పనిలో ఉన్నప్పుడు చీమలు కూడా ప్రాణం మీదికి తెస్తాయి. చెట్టు జాతిని బట్టి నమ్మకం మారుతుంది. వేప కొమ్మ మనిషిని మోస్తుంది. ఎర్ర తురాయి కొమ్మ పచ్చగా, లావుగా కనబడుతూనే పుటుక్కున విరుగుతుంది. నిద్రగన్నేరు కొమ్మలు అడ్డంగా చాలా దూరం పాకుతాయి కాబట్టి చివరి బరువు ఎంతో కింది నుంచి అంచనాకు రాదు.

తీగలు దగ్గరుంటే మొదట తీసుకోవలసింది ఎల్‌సీ, అంటే ఆ లైనులో సరఫరా ఆపినట్టు సబ్‌స్టేషన్ నుంచి హామీ. పచ్చి కొమ్మలో నీరుంటుంది, 11 కేవీ తీగను తాకితే అది కరెంటును మోస్తుంది. ఫోన్‌లో ‘ఆపేశాంలే’ అన్న మాట నమ్మి ఎక్కడం ఈ పనిలో అన్నిటికంటే ప్రమాదకరమైన అలవాటు.

ఇక కోత. పెద్ద కొమ్మను పై నుంచి ఒకే వేటుకు కోస్తే అది సగం తెగగానే సొంత బరువుకు కిందికి వాలి, కాండం బెరడును పొడవునా చీల్చుకుంటూ పోతుంది. అందుకే మూడు కోతలు. కాండానికి అడుగు దూరంలో కింది వైపు నుంచి మూడోవంతు లోతు ఒకటి. దానికి కాస్త అవతల పై నుంచి రెండోది, దాంతో కొమ్మ పడిపోతుంది. మిగిలిన మోడును మూడో కోతతో తీసేయాలి. ఆ మూడోది ఎక్కడ పడాలన్నదే పనితనం. కొమ్మ పుట్టిన చోట ఉబ్బెత్తుగా ఒక మెడ ఉంటుంది. దానికి బయటగా కోయాలి. మెడను కోసేస్తే గాయం పెద్దదవుతుంది, మోడు వదిలేస్తే అదే కుళ్లి లోపలికి పాకుతుంది.

దీని వెనక శాస్త్రం ఉంది. అమెరికా అటవీ శాఖ శాస్త్రవేత్త అలెక్స్ షైగో వేలాది చెట్లను నిలువునా కోసి పరిశీలించి, చెట్టు గాయం మన చర్మంలా మానదని చూపించారు. చెట్టు చెడిన భాగం చుట్టూ గోడ కట్టి దాన్ని వేరుచేస్తుంది, ఆ పైన కొత్త కలప పెంచుకుంటుంది. ఆ గోడ కట్టే సామర్థ్యం మెడ దగ్గరే ఎక్కువ. కోత మీద తారు పూయడం, తొర్రలో సిమెంటు నింపడం ఇప్పటికీ చాలాచోట్ల వైద్యంగా చెలామణీ అవుతున్నాయి. తారు కుళ్లును ఆపదు. సిమెంటు గాలికి ఊగే చెట్టుతో పాటు ఊగదు.

నగరాల్లో ఎక్కువగా కనిపించేది వీటన్నిటికీ విరుద్ధమైన పద్ధతి: తల నరకడం. తీగ కింద ఉన్న చెట్టు పై భాగమంతా ఒకే ఎత్తుకు కొట్టేస్తారు. నెలల్లోనే ఆ మోడుల చుట్టూ గుత్తులుగా చిగుళ్లు లేచి వేగంగా తీగను అందుకుంటాయి. పైపైన అతుక్కుని పుట్టిన ఆ రెమ్మలకు అసలు కొమ్మల పట్టు ఉండదు, కింద మోడు కుళ్లుతుంటుంది. మూడు నాలుగేళ్ల తర్వాత గాలికి విరిగేవి అవే. రోడ్డు వైపు కొమ్మలన్నీ తీసేసి ఇంటి వైపువి వదిలేస్తే చెట్టు బరువు ఒక పక్కకే ఒరుగుతుంది. ఇలా ప్రమాదం తగ్గించే పేరుతో తర్వాతి ప్రమాదాన్ని తయారుచేస్తున్నాం. బిల్లులో మాత్రం పని పూర్తయినట్టే లెక్క, ఎందుకంటే చూసేది తీగకు ఎడం వచ్చిందా, ఎన్ని లోడ్లు ఎత్తారు అన్నదే.

చట్టాలు లేక కాదు. మహారాష్ట్రలో 1975 నాటి పట్టణ వృక్ష సంరక్షణ చట్టం ఉంది, ఢిల్లీలో 1994 చట్టం, తెలుగు రాష్ట్రాల్లో 2002 నాటి వాల్టా. ఇవి ప్రధానంగా అడిగేది అనుమతి ఉందా అని. ఢిల్లీలో 15.7 సెంటీమీటర్ల చుట్టుకొలత దాకా ఉన్న కొమ్మలను అనుమతి లేకుండా కొట్టవచ్చన్న మార్గదర్శకాన్ని 2023లో అక్కడి హైకోర్టు కొట్టివేసింది. విచ్చలవిడి నరుకుడుకు అడ్డుకట్టగా అది మంచిదే. అయితే అనుమతి కాగితం చేతిలో ఉన్న అనాడి చేసే కోతకు, లేనివాడి కోతకు చెట్టు దృష్టిలో తేడా లేదు.

నేల కిందిది మరో కథ. కేబుళ్ల కోసం తవ్వే కందకం ఒక వైపు వేళ్లన్నిటినీ తెంచేస్తుంది. కాలిబాట టైల్స్ కాండం దాకా వచ్చి గాలీ నీరూ అందకుండా చేస్తాయి. ఢిల్లీలో చెట్టు చుట్టూ మీటరు మేర కాంక్రీటు తీసేయాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2013లోనే ఆదేశించింది. 2014లో హుద్‌హుద్ విశాఖను, 2020లో అంఫన్ కోల్‌కతాను ఊపినప్పుడు వేళ్లతో సహా లేచిపోయిన చెట్లను ఆ ఊళ్లు చూశాయి. మరుసటి రోజు నుంచి ఆ మానులను ముక్కలు కోసి దారి చేసే పని కూడా అత్యంత ప్రమాదకరమైనదే. కూలిన చెట్టు కొమ్మల్లో బిగిసిన బలం దాగి ఉంటుంది. తప్పుచోట రంపం పెడితే అది విల్లులా తిరగబడుతుంది.

ముప్పు కనబడగానే అధికారులకు గుర్తొచ్చేది చెట్టుకు చేసే వైద్యమే. 2018లో మహబూబ్‌నగర్ పిల్లలమర్రికి చెదల మందును సెలైన్ సీసాలతో ఎక్కించిన ఫొటోలు ప్రపంచమంతా తిరిగాయి. బరువైన కొమ్మల కింద పెట్టిన ఊతాల గురించి అంతగా మాట్లాడుకోలేదు. నిజానికి ముదుసలి మర్రికి ఆ ఊతం ఎంత అవసరమో అనుభవజ్ఞులైన తోటమాలులకు తెలుసు.

చెట్టెక్కేవారి భద్రతను ప్రభుత్వాలు పట్టించుకోలేవని అనుకోనక్కర్లేదు. తాటిచెట్ల నుంచి జారిపడి గీత కార్మికులు ప్రాణాలు కోల్పోతున్న తెలంగాణలో 2024 జులైలో ‘కాటమయ్య రక్ష’ కిట్లు ఇవ్వడం మొదలైంది. కేరళలో కొబ్బరి బోర్డు చెట్టెక్కే యువతకు శిక్షణ, యంత్రం, బీమా కలిపి ఇచ్చింది. ఆ రెండుచోట్లా గుర్తింపు ఉన్న వృత్తి, సంఘటితమైన గొంతు ఉన్నాయి. నగరంలో కొమ్మ కొట్టే కూలీకి ఆ రెండూ లేవు. అతడు కిందపడితే అది ‘కాంట్రాక్టరు మనిషి’కి జరిగిన ప్రమాదం.

దీన్ని మార్చడానికి కొత్త చట్టం అక్కర్లేదు. వానాకాలం పనుల టెండరులోనే చేర్చవచ్చు: నడుముకు బెల్టు, రెండు తాళ్లు, హెల్మెట్ లేకుండా ఎవరూ ఎక్కకూడదు, రాతపూర్వక ఎల్‌సీ లేకుండా తీగ దగ్గరికి వెళ్లకూడదు, ఒక్కసారికి పావు వంతుకు మించి కొమ్మలు తీయకూడదు, బిల్లు పాస్ చేసే ఇంజినీరు కోతలను దగ్గరగా చూడాలి. పని బాగా తెలిసిన పాత కూలీలకు ధ్రువపత్రం ఇచ్చి, కొత్తవాళ్లకు నేర్పే పని వారికే అప్పగించవచ్చు. ఈ షరతులు రాయవలసిన సమయం చెట్లు కూలాక కాదు, వచ్చే మే నెల పనుల అంచనాలు తయారయ్యేటప్పుడు.