ఏం మందో తెలిస్తేనే విరుగుడు

2020 డిసెంబర్‌లో ఏలూరులో వందల మంది ఫిట్స్ వచ్చి పడిపోయారు. రక్తం నమూనాలు ఢిల్లీ ఎయిమ్స్‌కు పోయినంకనే వాటిలో సీసం, నికెల్ ఉన్నట్టు తెలిసింది. టౌనుకే అట్లుంటే మన తండాలు, గూడేల సంగతేంది?

పరకాల చుట్టూ ఎక్కువ పత్తే. మందు కొడుతూ పడిపోయినోళ్లను దవాఖానకు తీసుకపోతే డాక్టర్ 'ఏం మందు?' అని అడుగుతడు. మందును బట్టే విరుగుడు. రెండు మూడు కలిపిన డబ్బా వీపున మోసిన కూలీ ఏం చెప్తడు?

మాస్ స్పెక్ట్రోమీటర్ అణువుల బరువును బట్టి రసాయనాన్ని గుర్తుపడుతుంది. 2010లో అమెరికాలోని పర్డ్యూ యూనివర్సిటీలో గ్రాహమ్ కుక్స్ బృందం పేపర్ స్ప్రే పద్ధతి చూపించింది. కాగితం ముక్క మీద రక్తం చుక్క వేసి నిమిషాల్లో పరీక్షించొచ్చు.

యంత్రం ధర ఎక్కువే. అందుకే ఊరూరికీ అడుగుతలేం. ఉమ్మడి వరంగల్ మొత్తానికి ఒక్కటి, ఎంజీఎంలో పెట్టమంటున్నం. నడపడానికి కెమిస్ట్రీ చదివే మన పిల్లలున్నరు.