కిలోకు పావు కిలో తరుగు

చవక ఎలక్ట్రిక్ కారు వస్తోందన్న కబురు రాగానే మన దగ్గర ఒకటే చర్చ. టచ్‌స్క్రీన్ ఎన్ని అంగుళాలు, సన్‌రూఫ్ ఇస్తారా, ఫోన్ నుంచే ఏసీ వేసుకోవచ్చా, కెమెరాలు ఎన్ని. అప్పు చేసి ఎనిమిది పది లక్షలు పెట్టబోయే మనిషి అడిగే ప్రశ్న ఇందులో ఎక్కడా కనబడదు. మే నెల ఎండలో, ఇంటిల్లిపాదీ ఎక్కి, ఏసీ వేసుకుంటే ఒక్క ఛార్జింగ్‌తో ఎంత దూరం పోతుంది? దీనికి నిజమైన జవాబు చెప్పని కారుకు ఎన్ని హంగులున్నా మధ్యతరగతికి పనికిరాదు.

జవాబు ఎవరికీ తెలియనిదేం కాదు. టాటా నెక్సాన్ ఈవీ 45 మోడల్‌కు అధికారిక పరీక్షలో వచ్చిన దూరం 489 కిలోమీటర్లు. ప్రకటనల్లో పెద్దగా కనిపించేది అదే. కానీ తమ కస్టమర్లలో 75 శాతం మందికి రోడ్డు మీద రాగలిగేది 350 నుంచి 370 కిలోమీటర్లేనని, సీ75 అనే పేరుతో ఆ కంపెనీయే ప్రకటించింది. టాటాదే కర్వ్ ఈవీ 55 మోడల్‌కూ అంతే: పరీక్షలో 585, రోడ్డు మీద 400 నుంచి 425. అంటే కిలోకు పావు కిలో తరుగు. గిట్టనివాళ్లు వేసిన లెక్క కాదిది, తయారుచేసినవాళ్లే ఒప్పుకున్న లెక్క. ఇంత స్పష్టమైన అంకెను పక్కనబెట్టి సన్‌రూఫ్ గురించి పేజీలకు పేజీలు రాసే విశ్లేషకుల మీద నాకు కోపం.

పరీక్ష పెట్టేవాళ్లు మోసం చేస్తున్నారని అనను. ప్రయోగశాలలో రోలర్ల మీద, గంటకు 90 కిలోమీటర్లు దాటని వేగంతో, అన్ని కార్లకూ ఒకే పద్ధతిలో జరిగే పరీక్ష అది. ఒక కారును మరో కారుతో పోల్చడానికి అలాంటి కొలబద్ద అవసరమే. రోడ్డు మీది లెక్కను తనంతట తాను బయటపెట్టినందుకు టాటాను మెచ్చుకోవాలి కూడా. అయితే పోల్చడానికి పుట్టిన అంకెను అమ్మడానికి వాడుతున్నారు.

ఈ తరుగు ఖరీదైన కారు కొన్నవారిని పెద్దగా బాధించదు. 489 కాస్తా 350 అయినా హైదరాబాద్ నుంచి విజయవాడకు ఆగకుండా చేరవచ్చు. చిన్న కారు సంగతి చూడండి. 2022లో టాటా టియాగో ఈవీ వచ్చినప్పుడు అందులో తక్కువ ధర మోడల్‌కు 19.2 యూనిట్ల బ్యాటరీ, చెప్పిన దూరం 250 కిలోమీటర్లు. 2023లో వచ్చిన ఎంజీ కామెట్‌కు 17.3 యూనిట్లు, 230 కిలోమీటర్లు. అదే పావు వంతు తీసేస్తే ఒకటి 187 దగ్గర, మరొకటి 172 దగ్గర ఆగుతాయి. బ్యాటరీ సున్నాకు వచ్చేదాకా ఎవరూ నడపరు కాబట్టి ఇంకో పాతిక, ముప్ఫై తగ్గించుకోండి. హైదరాబాద్ నుంచి వరంగల్ దాదాపు 150 కిలోమీటర్లు. పెళ్లికి వెళ్లినవాళ్లు మండపంలో తలంబ్రాలు చూడాలా, ఊళ్లో ఛార్జర్ వెతుక్కోవాలా? విజయవాడ నుంచి రోజూ గుంటూరు ఉద్యోగానికి వెళ్లివచ్చేవారికి మాత్రం ఇదే కారు దివ్యంగా సరిపోతుంది. ఆ ఇద్దరిలో తానెవరో కొనేముందే తెలుసుకునే హక్కు కొనేవాడికి ఉంది. 250 అన్న అంకె ఆ హక్కును తినేస్తోంది.

ఇక ముందు ఈ బెడద పెరుగుతుంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న పెట్రోల్ కార్ల జీఎస్టీ 28 శాతం నుంచి 18కి దిగింది, వాటి మీద సెస్సూ పోయింది. ఎలక్ట్రిక్ కార్లకు 2019 ఆగస్టు నుంచి ఉన్న 5 శాతమే కొనసాగుతోంది. రెండింటి మధ్య పన్ను తేడా ఒక్కసారిగా తగ్గింది గనక చవక ఎలక్ట్రిక్ కారు ధరను ఇంకా కిందికి దించక తప్పదు. దేంట్లో కోత పెడతారు? స్క్రీన్ షోరూమ్‌లో అందరికీ కనిపిస్తుంది. బ్యాటరీ సీట్ల కింద ఉంటుంది. మనం స్క్రీన్ గురించే అడుగుతూ కూర్చుంటే కోత బ్యాటరీకే పడుతుంది. ఫీచర్ల జాబితాలు పట్టుకుని ఊరేగేవాళ్లు తెలియకుండానే ఆ కోతకు దారి వేస్తున్నారు.

దూరం తర్వాత అడగాల్సింది బ్యాటరీ ఆయుష్షు. టియాగో వచ్చినప్పుడు ఇచ్చిన వారంటీ 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు. మంచిదే. కానీ ఎనిమిదో ఏట ఎంత శాతం మిగిలితే బ్యాటరీ బాగున్నట్టు లెక్క? అమెరికాలో నిస్సాన్ లీఫ్ కొన్నవారికి ఇది అనుభవమైంది. అప్పటి లీఫ్‌లో బ్యాటరీని చల్లబరిచే ఏర్పాటు లేదు. 2012లో అరిజోనా ఎండలకు బ్యాటరీ త్వరగా నీరసిస్తోందని జనం గోల చేసి కోర్టుకెక్కాక కంపెనీ దిగివచ్చింది. ఐదేళ్లలోపు, లేదా 60 వేల మైళ్లలోపు, మీటర్‌లోని 12 గీతలు 9 కన్నా తగ్గితే మాదే పూచీ అని రాసిచ్చింది. రెంటచింతల, రామగుండం ఎండలు తెలిసిన మనం ఆ మాటను కారు కొనకముందే రాయించుకోవాలి. బ్యాటరీని చల్లబరిచే ఏర్పాటు ఉందో లేదో సీటు కవర్ల రంగుకన్నా ముందు అడగాలి.

బ్యాటరీ అద్దె పద్ధతి మీదా ఒక మాట. 2024లో ఎంజీ విండ్సర్‌ను 9.99 లక్షలకు, కిలోమీటరుకు 3.50 రూపాయల అద్దెతో తెచ్చారు. బ్యాటరీతో కలిపి మొదట్లో ధర 13.50 లక్షలు. లక్ష కిలోమీటర్లు తిరిగితే తేడా మొత్తం అద్దె రూపంలో కట్టేసినట్టే, అయినా బ్యాటరీ మనది కాదు. తక్కువ తిరిగేవారికి ఇది లాభమే కావచ్చు. దీన్ని ధర తగ్గింపు అని రాయడం మాత్రం తప్పు.

సబ్సిడీ కోసం బాధపడే వ్యాసాలకూ కొదవ లేదు. ఎలక్ట్రిక్ వాహనాల కోసం కేంద్రం తెచ్చిన పీఎం ఈ-డ్రైవ్ పథకం కింద పెట్టిన 10,900 కోట్లలో సొంత కార్లకు పైసా లేదు. లేకపోవడమే న్యాయం. అందులో 4,391 కోట్లు బస్సులకు కేటాయించారు, వాటిలో వందలమంది ఎక్కుతారు. కారు కొనేవాడికి సర్కారు డబ్బు ఇవ్వనక్కర్లేదు, నిజం చెప్పిస్తే చాలు. ఖజానాకు రూపాయి ఖర్చు లేని పని ఇది. ప్రతి ప్రకటనలో, ప్రతి షోరూమ్‌లో, పరీక్ష అంకె పక్కనే రోడ్డు మీది అంకెను అదే సైజు అక్షరాల్లో రాయాలని రవాణా శాఖ ఒక్క నిబంధన తేవాలి.

ఇది గొంతెమ్మ కోరిక కాదు. బిస్కెట్ ప్యాకెట్ మీద నికర బరువు వేయకపోతే తూనికలు కొలతల శాఖ కేసు పెడుతుంది. ధాన్యం కొనుగోలు కేంద్రంలో క్వింటాలుకు నాలుగైదు కిలోల తరుగు తీస్తే రైతులు రోడ్డెక్కుతారు, కలెక్టర్లు పరుగెత్తుకొస్తారు. ఇక్కడ తరుగు క్వింటాలుకు పాతిక కిలోలు. వస్తువు ఎనిమిది లక్షలది. కొనేవాడు ఏళ్ల తరబడి ఈఎంఐ కట్టాలి. అయినా ఒక్క అధికారీ కదలడు, కారు ఆవిష్కరణ సభల్లో ముందు వరసలో కూర్చున్న మన విలేకరుల్లో ఒక్కరూ లేచి అడగరు. రేపు రాబోయే చవక కారు మీద పరదా తీసినరోజు, స్క్రీన్ ఎన్ని అంగుళాలని అడగబోయేవారు ఆ ప్రశ్న మింగి, రోడ్డు మీద ఎన్ని కిలోమీటర్లో కాగితం మీద రాసి సంతకం పెట్టమని అడగండి. పెట్టనంటే ఆ మాటే మర్నాడు పతాక శీర్షికగా వేయండి.