పంక్తిలో చోటు సరే, వీధిలో చోటేది?

అల్లూరు ప్రాంతంలో ఇల్లు ఎక్కడో చెబితే కులం చెప్పినట్టే. ఊరు, దళితవాడ, అరుంధతివాడ, గిరిజన కాలనీ, తీరాన పట్టపుపాళెం... చిరునామాలుగా చలామణి అవుతున్న ఈ పేర్లన్నీ కులాల సరిహద్దు రాళ్లే. గుడిసెల చోట డాబాలు లేచాయి, పొలాలు లేఅవుట్లయ్యాయి. ఆ రాళ్లు మాత్రం కదలలేదు.

ఈ విభజనను ప్రశ్నించిన చరిత్ర ఈ గడ్డకు ఉంది. పెన్నా ఒడ్డున పల్లెపాడులో పినాకినీ సత్యాగ్రహాశ్రమాన్ని 1921 ఏప్రిల్ 7న గాంధీజీ ప్రారంభించారు. అల్లూరుకు పొరుగున, విడవలూరు మండలం అలగానిపాడులో పుట్టిన పుచ్చలపల్లి సుందరయ్య తన పేరులోని ‘రెడ్డి’ని వదులుకుని, సొంత ఊరి వ్యవసాయ కూలీలను సంఘటితపరిచారు. ఈ రెండు ఊళ్లనూ మనం దర్శనీయ స్థలాలుగా మార్చుకున్నాం. అవి లేవనెత్తిన ప్రశ్నను పూలదండల కింద కప్పేశాం.

ఆనాటి సంస్కరణకు సహపంక్తి భోజనం గీటురాయి. కలిసి తిన్నంత మాత్రాన కులం చావదనీ, కులాంతర వివాహమే అసలు మందనీ ‘కుల నిర్మూలన’లో అంబేడ్కర్ 1936లోనే చెప్పారు. అయితే పెళ్లికి ముందు పరిచయం కావాలి, పరిచయానికి పొరుగు కావాలి. ఆ పొరుగునే మనం దక్కనివ్వడం లేదు.

రాజ్యాంగంలోని 15(2) అధికరణం దుకాణాలు, హోటళ్లు, బావులు, చెరువులలో కుల వివక్షను నిషేధించింది. అద్దె ఇంటి ప్రస్తావన అందులో లేదు. సభ్యత్వాన్ని పార్శీలకే పరిమితం చేసిన ఒక గృహనిర్మాణ సహకార సంఘం నిబంధనను 2005లో సుప్రీంకోర్టు సమర్థించింది. ఈ ఖాళీలోనే కులం కాపురం పెట్టింది. చేపల పులుసు లేనిదే ముద్ద దిగని ఇంటి యజమాని సైతం అద్దెకు వచ్చిన విద్యార్థిని ‘మాంసం తింటారా?’ అని అడుగుతున్నాడు. ‘మీరేమిట్లు?’ అన్న పాత ప్రశ్నే ఇప్పుడు కంచం మీదుగా వస్తున్నదని నేనంటాను.

వ్యక్తులను నిందించి ఊరుకుంటే చాలదు. ఎస్సీ కాలనీ, ఎస్టీ కాలనీ అంటూ వెలివాడలకు పట్టాలిచ్చింది ప్రభుత్వమే. పొరుగున ఉన్న తమిళనాడు 1997లో సమత్వపురాల పథకాన్ని చేపట్టింది. వంద ఇళ్ల వాడలో 40 దళితులకు, తక్కినవి ఇతర కులాలకు ఇచ్చి, అందరినీ ఒకే వీధిలో నిలిపింది. అది కులాన్ని రూపుమాపిందని నేననను. ప్రభుత్వం తలచుకుంటే వీధి గీతను మార్చగలదని మాత్రం రుజువు చేసింది.

చెదిరి బతకడం దళితులకు ప్రమాదం కాదా అని కొందరు అడుగుతారు. 1985 నాటి కారంచేడు తరువాత ఆ భయాన్ని కొట్టిపారేయలేం. అందుకే దళిత కుటుంబాలను ఒకటీ అరగా విసిరేయకుండా, తగిన సంఖ్యలో ఊరి నడుమ నిలిపే లేఅవుట్లు కావాలి. అద్దె ఇంట్లో కుల వివక్షను నేరంగా పరిగణించే చట్టమూ కావాలి. జయంతి నాడు ఒక పూట పంక్తిలో చోటివ్వడం ఎవరికైనా సులువే. మర్నాటి నుంచి పక్కింట్లో ఉండనిస్తామా అన్నదానికే అల్లూరు, దానితోపాటు ఆంధ్రదేశం, జవాబు చెప్పాలి.