కంప్యూటరులో అటకకెక్కేది ఏది?

“కంప్యూటరు చదువు రావాలంటే ఇంగ్లీషు మీడియమే దిక్కు” అన్న మాట మన తెలుగు బడుల చుట్టూ తరచుగా వినవలసి వస్తున్నది. హోసూరు కానివ్వండి, బళ్ళారి కానివ్వండి, బరంపురం కానివ్వండి, తెలుగు బడి మాన్పించే తలిదండ్రుల నోట వచ్చే కారణాలలో ఇది ఒకటి. దీనిని ఉపన్యాసంతో కాక ఒక పాఠంతో ఖండించుట మేలని నా అభిప్రాయం. ఇంజనీరింగు కళాశాలలో చెప్పే విషయాన్నే తీసుకొందాం. మెమొరీ చాలనప్పుడు ఆపరేటింగ్ సిస్టం దేనిని దగ్గర ఉంచుకొంటుంది, దేనిని బయటికి పంపుతుంది? దీనిని ఎనిమిదవ తరగతికి తెలుగులో, కంప్యూటరు ముట్టకుండానే చెప్పవచ్చును. కళాశాల పాఠం నడిచే వరుస కంటె మంచి వరుసలో చెప్పవచ్చునని కూడా అంటాను.

మన వంటింట్లో నిత్యం వాడే గిన్నెలు చేతికందే అలమరలో ఉంటాయి. పెళ్ళిళ్ళకూ పండుగలకూ దించే గంగాళాలు అటక మీద ఉంటాయి. అలమర మెమొరీ, అటక డిస్కు. కంప్యూటరు తన సామానునంతా సమానమైన ముక్కలుగా చేసుకొని ఒక్కొక్క ముక్కను పేజీ అంటుంది. మనం వాడే చాలా కంప్యూటర్లలో ఒక పేజీ 4 కిలోబైట్లు. 4 గిగాబైట్ల మెమొరీలో అటువంటివి 10,48,576 పడతాయి. ప్రోగ్రాముకు కావలసిన పేజీ అలమరలో లేకపోతే పని ఆపి అటక ఎక్కవలసిందే. దానినే పేజీ ఫాల్టు అంటారు. అలమర నిండి ఉంటే క్రొత్తది దించే ముందు పాతది ఒకటి తీయాలి. దానిలో మార్పులేవీ జరగకుండా, డిస్కుపై దాని ప్రతి ఉంటే ఊరకే వదిలివేయవచ్చును. మార్పులు జరిగి ఉంటే ముందు డిస్కుపై వ్రాయాలి, అది రెట్టింపు శ్రమ.

పేజీకి పుట అనీ, ఫాల్టుకు ఏదో నాలుగు పదాల సమాసమనీ పేర్లు పెట్టాలా అని మీరడుగవచ్చు. అక్కరలేదు. పేజీ మన అమ్మమ్మల నోట కూడా తెలుగు మాటే. పిల్లవానికి అడ్డుపడేది పరాయి పదం కాదు, పరాయి వాక్యం. “ఎందుకు” అన్నదానికి జవాబు తన భాషలో వినని పిల్లవాడు బట్టీ పడతాడు.

ఈ చిక్కు నేటిది కాదు. 1962లో మాంచెస్టరులో పని ప్రారంభించిన అట్లాస్ యంత్రంలో 512 పదాల పేజీలు ఉండేవి. కోర్ మెమొరీలో అవి పట్టే చోట్లు 32 మాత్రమే, మిగిలినదంతా తిరిగే డ్రమ్ము మీద. ఏ పేజీ ఎంతకాలం వాడుకలో ఉన్నది, ఎంతకాలం ఊరక ఉన్నది అని గమనించి, ఇక చాలాసేపు అక్కరపడదని తోచినదానిని పంపే ఏర్పాటును అప్పుడే చేశారు. 1966లో ఐ.బి.ఎం.లో లాస్లో బెలాడీ ఈ పద్ధతులన్నిటినీ తూచడానికి ఒక కొలబద్ద చూపాడు. అన్నిటి కంటె ఆలస్యంగా మళ్ళీ అవసరమయ్యే పేజీని పంపితే ఫాల్టులు అతి తక్కువ. అయితే దానికి భవిష్యత్తు తెలియాలి. తెలియదు గనుక మనకు మిగిలేది గతాన్ని చూసి ఊహించుటే.

ఇక్కడ పాఠ్యపుస్తకం మూడు పేర్లు చెప్పి ముగిస్తుంది: ముందు వచ్చినది ముందు పోవుట, చాలాసేపటి నుండి ముట్టనిది పోవుట, బెలాడీ ఆదర్శం. రెండవది మొదటిదాని కంటె మెరుగు అని విద్యార్థి వ్రాస్తాడు, మార్కులు పడతాయి. మీరు మీ తరగతిలో ముగ్గురు పిల్లలను వరుసగా కూర్చోబెట్టి, ఒక్కొక్కరి చేతికి ఒక చీటీ మాత్రమే ఇచ్చి, ఈ అంకెలను వరుసగా పిలిచి చూడండి: 1, 2, 3, 4, 1, 2, 5, 1, 2, 3, 4, 5. పిలిచిన చీటీ ఎవరి చేతిలోనూ లేకపోతే ఒక ఫాల్టు. ముందు వచ్చినది పంపితే 9 ఫాల్టులు. చాలాసేపు ముట్టనిది పంపితే 10. మెరుగన్నదే ఓడింది! ఆదర్శ పద్ధతికి 7. ఇప్పుడు నాలుగవ పిల్లను కూడా కూర్చోబెట్టండి. ముట్టనిదానిని పంపే పద్ధతికి ఫాల్టులు 8కి దిగుతాయి, ముందు వచ్చినదానిని పంపే పద్ధతికి 9 నుండి 10కి పెరుగుతాయి. చోటు పెంచితే కష్టం పెరిగింది. 1969లో బెలాడీ, ఆయన సహచరులు ప్రకటించిన ఈ వింతను పిల్లలు తమ చేతులతో లెక్కపెట్టి నమ్ముతారు. దీనికి కావలసినవి ఐదు చీటీలు, ఒక సుద్దముక్క.

తరువాత పిల్లలే అడుగుతారు: పది లక్షల పేజీలలో ఏది ఎప్పుడు ముట్టబడినదో కంప్యూటరు ఎట్లా గుర్తుంచుకొంటుంది? గుర్తుంచుకోదు. సెకనుకు కోట్ల సార్లు జరిగే ముట్టడాన్ని వరుసపెట్టి వ్రాసుకొంటూ కూర్చుంటే అసలు పని సాగదు. యంత్రం ఇచ్చే ఆధారం పేజీకి ఒకే ఒక్క బిట్టు: ముట్టారు, లేదా ముట్టలేదు. 1960ల చివర మల్టిక్స్ వ్యవస్థలో కోర్బాటో వాడిన ఉపాయం గడియారం వంటిది. పేజీలను వలయంగా ఊహించి ముల్లు తిప్పుతారు. బిట్టు వెలిగి ఉన్న పేజీని వదిలి, ఆ బిట్టు ఆర్పి ముందుకు పోతారు. ఆరి ఉన్నది దొరికితే దానిని పంపుతారు. ఒక్క బిట్టుతో ఇంత పని జరుగుట నాకు నేటికీ ఆశ్చర్యమే. లినక్సు మొదట రెండు వరుసలు పెట్టుకొన్నది. ఒక్కసారి చదివి వదిలే పెద్ద ఫైలు వచ్చి నిత్యం వాడే పేజీలను గెంటివేయకుండా క్రొత్తదానిని తక్కువ వరుసలో నిలిపి, మళ్ళీ ముడితేనే పై వరుసకు ఎక్కించింది. 2022 డిసెంబరులో వచ్చిన 6.1 రూపంతో పేజీలను తరాలుగా విభజించే పద్ధతి కూడా చేరింది.

మన భాషకు దీనినొక ఉపమానంగా వాడుకోవాలని మీకు తోచవచ్చు, వాడని పేజీ పోయినట్లే వాడని భాష పోతుందని. నేనైతే వాడను. అటకకెక్కిన పేజీ ఒక్క బిట్టు తేడా లేకుండా తిరిగి వస్తుంది. బడి నుండి పోయిన భాష అట్లా రాదు.

ఇక అసలు ఫిర్యాదు. దేనిని పంపాలన్న ప్రశ్న మీద పాఠం ఎన్నో గంటలు గడుపుతుంది. ఎన్నింటిని లోనికి రానివ్వాలన్న ప్రశ్నను చివర ఒక పేరాలో తేల్చివేస్తుంది. నా దృష్టిలో ఇది తలక్రిందుల వరుస. 1968లో పీటర్ డెనింగ్ చెప్పినది ఇది: ప్రతి ప్రోగ్రామూ దగ్గరి కాలంలో ముట్టిన పేజీల గుంపు ఒకటి ఉంటుంది, అది అంతా లోపల ఉంటేనే దాని పని సాగుతుంది. నడిచే ప్రోగ్రాముల గుంపులన్నీ కలిసి మెమొరీని మించితే ఒకరి పేజీని తెచ్చుటకు మరొకరిది పోతుంది, వెంటనే ఆ రెండవవారు తమది అడుగుతారు. యంత్రం అటక ఎక్కి దిగుటతోనే సరిపోతుంది. అప్పుడు ఎంత తెలివైన ఎంపిక పద్ధతీ రక్షించదు. ఒక ప్రోగ్రామును పూర్తిగా ఆపుటే మందు. లినక్సు కూడా మెమొరీ బొత్తిగా దొరకని స్థితిలో ఒక ప్రోగ్రామును ఎంచుకొని చంపుతుంది.

ఇది తెలియకపోవుట వలన నష్టపోయేది మన బడులే. 2 గిగాబైట్ల పాత కంప్యూటరు, దాని ముందు ఐదుగురు పిల్లలు. బ్రౌజరు తెరిచారు, కదలలేదు. మళ్ళీ నొక్కారు, ఇంకొక కిటికీ తెరుచుకొన్నది. డిస్కు దీపం ఆగకుండా మిణుకుతున్నది. “పాడైపోయింది” అని గుడ్డ కప్పుతారు, ఆ వారం పిల్లలకు వంతు లేదు. అది పాడవలేదు, ఇరుకైంది. రెండు కిటికీలు మూసి కొద్దిసేపు ఆగితే తేరుకొంటుంది. ఈ తీర్పు చెప్పుటకు కావలసిన జ్ఞానం పైన మనం తెలుగులో చెప్పుకొన్నంతే.

కనుక మీరు పాఠం మొదలుపెట్టేటప్పుడు చిన్న ఆటతో మొదలుపెట్టండి. నలుగురు పిల్లలు, ఐదు చీటీలు, పిలుపు 1, 2, 3, 4, 5, మళ్ళీ 1, 2, 3, 4, 5, ఇట్లా చుట్టి చుట్టి. చాలాసేపు ముట్టనిదానిని పంపే పద్ధతిలో ప్రతి పిలుపూ ఫాల్టే, ఎన్ని చుట్లు తిరిగినా. భవిష్యత్తు తెలిసిన ఆదర్శ పద్ధతికైనా, నలుగురి చేతులూ నిండిన తరువాత నాలుగు పిలుపులకు ఒక ఫాల్టు తప్పదు. ఎట్లా తగ్గించాలో పిల్లలను కొంతసేపు వాదించుకోనివ్వండి. ఆ తరువాత ఐదవ పిల్లను పిలిచి వరుసలో కూర్చోబెట్టండి. మొదటి చుట్టులో ఐదు ఫాల్టులు పడతాయి, రెండవ చుట్టు నుండి ఒక్కటీ పడదు.