సిగ్గు దాచిన మచ్చ

పోయిన కార్తీకంలో కోరుట్ల నుంచి ఫోనొచ్చింది. మా ఆడపడుచుకి వారం రోజులుగా జ్వరం. ముందు మెడికల్ షాపు గోళీలు, తర్వాత ఆర్‌ఎంపీ సూదులు, ఆ తర్వాత ఓ నర్సింగ్ హోం. ప్లేట్‌లెట్లు తగ్గాయి కాబట్టి డెంగ్యూయే అన్నారు. సెలైన్లు ఎక్కుతున్నాయి, బొప్పాయాకు రసం తాగుతోంది, జ్వరం మాత్రం దిగనంటోంది.

జగిత్యాల నుంచి నేనూ, అత్తమ్మా వెళ్లాం. తొమ్మిదో రోజు కూతురి ఒళ్లు తడిగుడ్డతో తుడుస్తూ అత్తమ్మ ఆగిపోయింది. లంగా బొందు కట్టుకునే చోట శనగగింజంత నల్లటి పొక్కు. "ఇదేంది బిడ్డా, బీడీ చురక లెక్కున్నది?"

"జరం రాకముందు నుంచే ఉన్నదమ్మా. నొస్తలేదు. గక్కడున్నదాన్ని డాక్టరు సారుకు ఎట్ల సూపెడుదు?"

ఆ మచ్చ సంగతి మరో డాక్టరుకి చెప్పాం. ఆయన మొదట అడిగింది, "చేలో కలుపు తీయడానికి వెళ్లారా?" అని. వెళ్లింది, పసుపు చేనుకి. పరీక్షలో స్క్రబ్ టైఫస్ అని తేలింది. డాక్సీసైక్లిన్ మాత్రలు మొదలుపెట్టిన రెండో రోజుకి జ్వరం దిగింది. వేలకు వేలు పోసినా కాని పని, పదుల రూపాయల మాత్రలతో అయింది.

డాక్టర్ల మీద కోపం తెచ్చుకుని ఊరుకుందామంటే మనసొప్పలేదు. వాళ్లు అడగలేదు, నిజమే. మరి మేం చెప్పామా?

స్క్రబ్ టైఫస్ తెచ్చేది కంటికి ఆనని నల్లిలాంటి పురుగు పిల్ల. పొదల్లో, గడ్డిలో, ఎలుకలు తిరిగే చోట ఉంటుంది. కుట్టినట్టు కూడా తెలియదు. వారం, పది రోజుల తర్వాత జ్వరం, తలనొప్పి, ఒళ్లునొప్పులు. కుట్టిన చోట చాలామందికి నల్లటి పొక్కు కడుతుంది. అదీ ఎక్కడనుకున్నారు? చంకలో, గజ్జల్లో, రొమ్ము కింద, నడుం దగ్గర. అంటే మనం ఎవరికీ చూపించని చోట్లే! ఆలస్యమైతే ఊపిరితిత్తులు, మూత్రపిండాలు, మెదడు దెబ్బతిని ప్రాణం మీదికి వస్తుంది. 2025 చివర్లో విజయనగరం నుంచి చిత్తూరు దాకా ఈ జ్వరం పేరు పత్రికల్లో ఎన్నిసార్లు చదివామో గుర్తుందిగా?

సిరిసిల్లలో ఉన్న మా అమ్మకి ఇదంతా చెబితే, "మగ్గాల నడుమ బతికెటోళ్లకు పురుగెక్కడిదే?" అని నవ్వింది. ఇంటి వెనక పొద, అందులో ఎలుక ఉంటే చాలు, పట్నమేమిటి, పల్లె ఏమిటి? ఉపాధి హామీ పనికి పోయి తుప్పలు కొట్టేది, కలుపు తీసేది, గడ్డిమోపు నెత్తిన పెట్టుకొచ్చేది ఎక్కువగా మన ఆడవాళ్లే కదా!

ఈ పురుగుకి దగ్గరి చుట్టం మనకు బాగా తెలిసిన పిడుదు. కొందరు గోమారి అంటారు. అత్తమ్మ ఇప్పటికీ బర్రె చెవుల్లోంచి పిడుదుల్ని ఏరి గోటితో నలిపేస్తుంది. వద్దంటే వినదు. ఇవి రక్తం తాగి ఊరుకునే రకం కాదు. కర్ణాటకలో శివమొగ్గ దగ్గర క్యాసనూరు అడవిలో 1957లో కోతులు, మనుషులు జ్వరంతో చనిపోతే, కారణం అడవి పిడుదులే అని తేలింది. 2011లో గుజరాత్‌లో పిడుదుల వల్ల వ్యాపించే కాంగో జ్వరం బయటపడినప్పుడు, వైద్యం చేసిన డాక్టరు, నర్సు కూడా చనిపోయారు.

ఇక అమెరికా. అక్కడ జింకల ఒంటి మీద బతికే పిడుదులు లైమ్ వ్యాధిని తెస్తాయి. చలికాలాలు వెచ్చబడుతున్న కొద్దీ అవి ఉత్తరాన కెనడా వైపు పాకుతున్నాయి. అమెరికాలో ఏటా దాదాపు 4,76,000 మందికి ఈ వ్యాధికి వైద్యం జరుగుతోందని అక్కడి ప్రభుత్వ అంచనా. మన పిల్లలు ఎక్కువగా ఉండే న్యూజెర్సీ, పెన్సిల్వేనియాల్లోనే దీని బెడద ఎక్కువ.

ఈ వ్యాధి బయటపడింది ఒక గృహిణి వల్ల. కనెక్టికట్ రాష్ట్రంలో లైమ్ అనే ఊరు. పాలీ మరే అనే తల్లి. ఆమెకీ, భర్తకీ, పిల్లలకీ కీళ్లవాపులు, దద్దుర్లు, జ్వరాలు. డాక్టర్లు అంతా నీ మనోభ్రమ అన్నారు. ఆమె ఊరుకోలేదు. ఎవరికి ఎప్పుడు ఏమొచ్చిందో రాసిపెట్టుకుంది. ఊళ్లో ఇంకెందరికి ఉందో ఆరా తీసి 1975లో ఆరోగ్యశాఖకి ఫోన్ చేసింది. పక్క ఊళ్లో మరో తల్లీ ఫిర్యాదు చేసింది. అప్పుడు కదిలిన యేల్ డాక్టర్లు 1977లో దీన్ని కొత్త జబ్బుగా లోకానికి చెప్పారు. రోగక్రిమి దొరికింది ఆ తర్వాతే. వంటింటి నోటుపుస్తకం ముందు, ప్రయోగశాల వెనక!

మన చేతిలో ఉన్నవి చేద్దాం. చేలోంచి రాగానే ఒళ్లు రుద్దుకుని స్నానం చేయాలి. ఆ బట్టలు వేడినీళ్లలో ఉతకాలి. పిడుదు పట్టుకుంటే కిరోసిన్ పోయొద్దు, బీడీతో కాల్చొద్దు, వేళ్లతో నలపొద్దు. సన్నటి పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టి నిటారుగా లాగాలి. బర్రె పిడుదులకి పశువుల డాక్టర్ని అడగాలి. అమెరికా పిల్లలకి ఫోన్లో, "తిన్నావా?"తో పాటు, "పార్కు నుంచి వచ్చాక ఒళ్లు చూసుకున్నావా?" అని కూడా అడగండి. అక్కడి పిల్ల పిడుదు గసగసాల గింజంతే ఉంటుంది. ఒక రోజులోపు తీసేస్తే చాలావరకు లైమ్ ముప్పు తప్పుతుంది.

జగిత్యాలకి 2022లో, సిరిసిల్లకి 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలొచ్చాయి. సంతోషం. ఇక కావలసింది పెద్ద ఖర్చేమీ కాదు. ప్రతి దవాఖానలో ఒక తెర, తెర వెనక ఒక నర్సమ్మ, "ఒంటి మీద ఎక్కడన్నా నల్ల మచ్చ ఉన్నదా అమ్మా?" అన్న ఒక్క ప్రశ్న.

వాళ్లు అడగకపోతే మనమే చెబుదాం. మా ఆడపడుచు ఇప్పుడు బీడీలు చుట్టే చోట అందరికీ ఆ కథే చెబుతోంది, మచ్చ ఎక్కడుందో కూడా చెప్పి మరీ! మొదట్లో మొహాలు తిప్పుకున్నవాళ్లే ఇప్పుడు జ్వరమొస్తే ముందు ఒళ్లు చూసుకుంటున్నారట.